పిండి చేతులకు క్యూఆర్ కోడ్: టిఫిన్ సెంటరులో తొమ్మిదేళ్ల వాడకం

మాది తెనాలిలో చిన్న టిఫిన్ సెంటరు. పెనం దగ్గర మా ఆయన, గల్లాపెట్టె దగ్గర నేను. పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా ఇడ్లీ, దోశ, పూరీ. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు. ఫోనులో డబ్బు తీసుకోవడం 2017 జనవరిలో మొదలుపెట్టాము. అంటే తొమ్మిదేళ్లు కావస్తోంది. ఈ చెల్లింపుల గురించి నేను చదివినవన్నీ డబ్బు ఇచ్చేవాళ్లు రాసినవే. ఎంత క్యాష్‌బ్యాక్ వచ్చింది, ఏ యాప్ త్వరగా తెరుచుకుంటుంది, ఇవే కబుర్లు. ఇచ్చేవారి పని నిమిషంలో అయిపోతుంది. తీసుకున్నవారి పని అక్కడ మొదలవుతుంది. ఆ వైపు నుంచి రాస్తున్నాను.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. మర్నాడు ఆరింటికే మా కొట్టు ముందు ఎన్నడూ లేనంత జనం. సగం మందికి ఆకలే లేదు, చేతిలో నోటు వదిలించుకుంటే చాలు. ఆ తరువాత కొత్త 2000 నోటు వచ్చింది. ఇరవై రూపాయల ఇడ్లీ తిని ఆ గులాబీ నోటు చాచిన పెద్దమనిషిని చూస్తూ మా ఆయన దోశ మాడ్చారు. డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి వాళ్ల నాన్న ఫోనులో అది ఎక్కించి, ఆయన నంబరును అట్ట మీద రాసి గోడకు తగిలించింది. జనవరి నెలంతా ఫోనుతో డబ్బు ఇచ్చినవారు ఇద్దరు: ఒక లెక్చరరు గారు, మందుల కంపెనీ కుర్రవాడు ఒకడు. ఉగాది నాటికి ఏటీఎంలలో నోట్లు వచ్చాయి, అట్ట వెనక్కి బల్లి చేరింది.

అందుకే నోట్ల రద్దుతోనే దేశం ఫోను చెల్లింపులకు మారిపోయిందని ఎవరైనా అంటే మా గల్లాపెట్టె సాక్ష్యం చెప్పదు. 2016 అక్టోబరు నెలలో దేశం మొత్తం మీద యూపీఐతో జరిగిన చెల్లింపుల సంఖ్య లక్ష. 2023 ఆగస్టులో ఆ నెల సంఖ్య మొదటిసారి 1000 కోట్లు దాటింది, 2025 ఆగస్టులో 2000 కోట్లు. మధ్యలో ఏమి మారిందో నేను కౌంటరు దగ్గరే చూశాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆటో డ్రైవర్ల చేతుల్లోకి ఇంటర్నెట్ వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో గూగుల్ వాళ్ల తేజ్ వచ్చింది, ఇప్పుడు గూగుల్ పే అంటున్నది అదే. గీకితే డబ్బు వచ్చే కార్డుల కోసం కాలేజీ పిల్లలు నలుగురు ఒకే బల్ల మీద తిని నాలుగుసార్లు విడివిడిగా చెల్లించేవారు. అందులో ఒకడు రెండు ఇడ్లీలకు ఒకసారి, గారెకు ఇంకోసారి. తరువాత లాక్‌డౌన్. పార్సిళ్లు మాత్రమే ఇచ్చిన ఆ రోజుల్లో నోటు ముట్టుకోవడానికి జనం భయపడ్డారు. అప్పటిదాకా మొహమాటపడుతున్న వయసు మళ్లినవాళ్లు కూడా మనవల చేత ఫోనులో అది పెట్టించుకున్నారు.

ఇక అసలు సంగతి, చిల్లర. టిఫిన్ వ్యాపారం చేయనివారికి దీని బాధ తెలియదు. పొద్దున ఏడున్నరకు స్కూలు ఆటోలు, రైలుకు వెళ్లే ఉద్యోగులు అందరూ ఒకేసారి వస్తారు. ప్రతివాడి చేతిలో వంద, రెండు వందలు. నేను ముందురోజు రాత్రే కిళ్లీ కొట్టు ఆయన దగ్గర వందకు తొంభై ఐదు చొప్పున చిల్లర కొనేదాన్ని. అవును, డబ్బుకు డబ్బు కొనేదాన్ని. రూపాయి, రెండు రూపాయలకు బదులు చాక్లెట్టు ఇస్తే పిల్లలు సంతోషించేవారు, పెద్దలు నన్ను దొంగను చూసినట్టు చూసేవారు. పది రూపాయల బిళ్ల కథ వేరు. అది చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా మన వైపు చాలాకాలం ఎవరూ తీసుకోలేదు. తీసుకున్నవి ఇవ్వలేక హార్లిక్స్ సీసాలో వేశాను. ఆ సీసా ఇప్పటికీ నిండుగానే ఉంది.

క్యూఆర్ చీటీ అతికించాక ఈ గొడవ మూడొంతులు పోయింది. దానితో పాటు ఇంకొకటి జరిగింది, అది నేను ఊహించలేదు. ధరలు మారాయి. చిల్లర రోజుల్లో ఇడ్లీ ధర ఇరవైలోనో ముప్పైలోనో ఉండాలి, మధ్యలో అంకె పెడితే పొద్దుటి పూట కొట్టు నడవదు. అందుకని మినపగుళ్ల ధర పెరిగినా చాలాకాలం ఓర్చుకుని, ఒక్కసారిగా పది రూపాయలు పెంచి అందరి చేత తిట్లు తినేవాళ్లం. ఇప్పుడు ముప్పై రెండు అని రాసుకోగలుగుతున్నాను. నగదు ఇచ్చే ముసలివాళ్ల దగ్గర ముప్పైతో సరిపెట్టుకుంటాను. అంటే మా కొట్టులో నోటుకు రెండు రూపాయల తగ్గింపు ఉంది, అయినా కుర్రవాళ్లు ఫోనే తీస్తారు.

రెండో లాభం చేతులు. ఒక చేత్తో పచ్చడి వడ్డించి, అదే చేత్తో నోటు అందుకుని, కొంగుకు తుడుచుకుని మళ్లీ గరిటె పట్టుకోవడం నాకే అసహ్యంగా ఉండేది. తడి చేతుల్లో నానిన పది నోట్లను రాత్రి ఫ్యాను కింద ఆరబెట్టేవాళ్లం. ఇప్పుడు గల్లాపెట్టె తెరిచే పని పూటకు పాతిక ముప్పై సార్లకు దిగింది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, వచ్చే డబ్బు మారినంత త్వరగా పోయే డబ్బు మారలేదు. 2018, 19లలో నా పరిస్థితి చూడండి. తినేవాళ్లలో మూడోవంతు ఫోనులో ఇస్తున్నారు. ఇడ్లీ రవ్వ, మినపగుళ్లు ఇచ్చే హోల్‌సేలు వ్యాపారి నోట్లు తప్ప ముట్టడు. కూరగాయల వాళ్లు నోట్లే. కట్టెలు, అరిటాకులు, పెరుగు, అన్నీ నోట్లే. దాంతో జనం ఫోనులో ఇచ్చిన డబ్బును తిరిగి నోట్లుగా మార్చడానికి రోజు విడిచి రోజు నేను ఏటీఎం దగ్గర నిలబడేదాన్ని. నెలకు ఐదుసార్లు ఉచితం, ఆరోసారి నుంచి ఇరవై రూపాయలు. ఇప్పుడు ఇరవై మూడు. అంటే జనం చిల్లర బాధ తీరి నాకు ఏటీఎం బాధ పట్టుకుంది. ఆ రెండేళ్లలో ఎవరైనా అడిగి ఉంటే ఈ చీటీ పీకి పారేయమనే చెప్పేదాన్ని.

తరువాత ఒక్కొక్కరే మారారు. మొదట గ్యాసు బండ తెచ్చే కుర్రవాడు. లాక్‌డౌన్‌లో హోల్‌సేలు వ్యాపారి, ఆయన మారగానే నా ఏటీఎం ప్రయాణాలు సగానికి పైగా తగ్గాయి. 2021లో రైతు బజారులో పచ్చిమిర్చి అమ్మే ఆవిడ తక్కెడకు చీటీ కట్టింది. ఆ ఏడాదే నవంబరులో గంగిరెద్దు తలకు క్యూఆర్ చీటీ కట్టిన వీడియోను ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు అందరికీ చూపించారు. అందరూ వింతగా చూశారు కానీ నాకు ఆశ్చర్యం అనిపించలేదు. దానం చేసేవాడి దగ్గర చిల్లర లేకపోతే గంగిరెద్దులవాడు ఏమి చేస్తాడు?

ఇంకా మారనివారు ఇద్దరున్నారు. ఒకరు మా కొట్టు ఓనరు గారు. అద్దెలో సగం ఖాతాలో, సగం చేతిలో. ఆ సగం ఎందుకు చేతిలో పెట్టాలో ఆయన చెప్పరు, నేను అడగను. నోట్ల రద్దు నాడు దేశంలో తిరుగుతున్న నగదు దాదాపు 18 లక్షల కోట్లు, ఇప్పుడు 35 లక్షల కోట్లు దాటింది. ఇన్ని ఫోను చెల్లింపులు ఉండగా అంత నగదు ఎందుకని పత్రికల వాళ్లు ఆశ్చర్యపోతుంటారు. కొంత మా ఓనరు గారి బీరువాలో ఉంది. రెండోవారు మా దగ్గర గిన్నెలు తోమే ఆవిడ. ఆమెకు జీతం రోజుకు ఇంతని నగదుగా, పని అవగానే. ఆమెకు బ్యాంకు ఖాతా ఉంది. కార్డు, ఫోను మొగుడి జేబులో ఉంటాయి. "ఖాతాలో వేస్తే నా డబ్బు సాయంత్రానికి బ్రాందీ షాపులో ఉంటుందమ్మా" అని మొదటి రోజే చెప్పేసింది.

ఆ మాట విన్న రోజు నేను నా సంగతి ఆలోచించుకున్నాను. గోడకు తగిలించిన అట్ట లాగే, మొదట అతికించిన చీటీ కూడా మా ఆయన ఖాతాదే. గల్లాపెట్టె ఉన్నన్నాళ్లూ డబ్బు నా చేతి మీదుగానే వెళ్లేది. డ్వాక్రా వాయిదా తీసి పక్కన పెట్టడం, పోపుల డబ్బాలో నాలుగు నోట్లు దాచడం, పుట్టింటి పెళ్లికి నూట పదహార్లు చదివించడం, ఇవన్నీ ఎవరినీ అడగకుండా జరిగేవి. జనం ఫోనులో ఇచ్చే కొద్దీ ఆ డబ్బంతా ఆయన ఫోనులోకి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు, ఖర్చుపెట్టే మనిషీ కాదు. కానీ అమ్మాయికి చెప్పులు కొనడానికి నేను "కాస్త పంపించండి" అని అడగవలసి వచ్చిన రోజున నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక చీటీ మీద వచ్చింది. 2021లో నా పేరున ఖాతా తెరిచి, నా నంబరుతో కొత్త చీటీ పెట్టించాను. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు, తరువాత సర్దుకున్నారు. కొట్లలో కూర్చునే ఆడవాళ్లకు నేను ఇచ్చే సలహా ఇదొక్కటే: ఏ కంపెనీ చీటీ అన్నది తరువాత, ముందు ఖాతా ఎవరి పేరున ఉందో చూసుకోండి.

డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే, మాట్లాడే పెట్టె గురించి కూడా చెప్పాలి. 2020కి ముందు డబ్బు పడిందో లేదో తెలుసుకోవాలంటే ఫోను చూసుకోవాలి. పిండి చేతులతో ఎన్నిసార్లు చూస్తాము? ఎదుటివాళ్లు చూపించిన తెర చూసి తల ఊపేదాన్ని. ఒక కుర్రవాడు పది రోజుల పాటు పాత చెల్లింపు ఫొటోనే చూపించి రోజూ మసాలా దోశ తిని వెళ్లాడు. నెలాఖరున బ్యాంకు లెక్క చూసుకుంటే బయటపడింది. మళ్లీ రాలేదు. వస్తే దోశ తినిపించి అడుగుదామనుకున్నాను. పెట్టె వచ్చాక ఆ మోసం పోయింది. పెనం చప్పుడులో కూడా "ముప్పై రెండు రూపాయలు అందాయి" అని వినిపిస్తుంది, తల ఎత్తనవసరం లేదు. ఫోన్‌పే పెట్టెలలో 2024 నుంచి మహేశ్ బాబు గొంతు కూడా ఉంది. కుర్రవాళ్లు అది పెట్టించమంటారు. మాకు పాత ఆడగొంతే అలవాటయింది.

పెట్టెకు నెలకు నూట పాతిక అద్దె. ఫోనులో డబ్బు తీసుకున్నందుకు మా నుంచి ఏమీ కోయకూడదని 2020 జనవరి నుంచి నియమం ఉంది. కాబట్టి కంపెనీలకు మా దగ్గర వచ్చేది ఈ అద్దే. దానిమీద నాకు పేచీ లేదు. పేచీ ఏమిటంటే, వాన పడితే పెట్టెకు సిగ్నలు అందదు. డబ్బు పడి పది నిమిషాలయ్యాక, ఆ మనిషి వెళ్లిపోయాక, వరసగా ఆరు చెల్లింపులు ఒక్కసారిగా చదువుతుంది. అప్పటికి నేను ఒకరిద్దరిని "పడలేదు, మళ్లీ పంపండి" అని అడిగి ఉంటాను. మర్నాడు వాళ్లకు తిరిగి ఇవ్వడం, క్షమాపణ చెప్పడం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 2023 వేసవిలో తగిలింది. మినపగుళ్లకు డబ్బు పంపబోతే పోలేదు. బ్యాంకుకు వెళితే వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల ఫిర్యాదు మీద ఖాతా ఆపేశామన్నారు. తేలింది ఏమిటంటే, ఎవరో దారినపోయేవాడు మా దగ్గర నూట అరవై రూపాయల టిఫిన్ తిన్నాడు. అతని ఖాతాలోకి వచ్చిన డబ్బు ఎవరినో మోసం చేసి లాగినది. ఆ తీగ లాగితే మా ఇడ్లీ దాకా వచ్చింది. నూట అరవై కోసం ముప్పై ఎనిమిది వేలు కదలకుండా ఆగిపోయాయి. ఎవరికి రాయాలో బ్యాంకులో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, ఒకరు స్టేషనుకు పొమ్మంటే స్టేషనులో బ్యాంకుకు పొమ్మన్నారు. మా అమ్మాయి ఈమెయిళ్లు రాస్తే పందొమ్మిదో రోజున విడుదలయింది. ఆ పందొమ్మిది రోజులు కొట్టు నడిచింది గల్లాపెట్టెలోని నోట్లతో, హోల్‌సేలు వ్యాపారి ఇచ్చిన అరువుతో. మోసపోయినవాళ్లు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే డబ్బు ఆపించవచ్చు, అది మంచి ఏర్పాటే. ఆపేది ఆ నూట అరవై మాత్రమే అయితే ఇంకా మంచిది. అప్పటినుంచి రాత్రి కొట్టు కట్టేశాక ఆ రోజు పడిన డబ్బును ఇంకో బ్యాంకులోని ఖాతాకు పంపేస్తాను. చీటీకి కట్టిన ఖాతాలో వెయ్యికి మించి ఉంచను. వారం సరుకులకు సరిపడా నగదు ఇంట్లో ఉంటుంది.

ఆ అలవాటు 2025 మార్చి 26న అక్కరకు వచ్చింది. బుధవారం సాయంత్రం ఏడు గంటలకు, బజ్జీలు సరిగ్గా వేడిగా దిగే వేళ, దేశమంతటా యూపీఐ ఆగింది. ఇరవై మంది తినేసి ఫోన్లు ఊపుతూ నిలబడ్డారు. పాత అరువు పుస్తకం తీశాను. తెలిసినవాళ్ల పేరు రాసుకున్నాను, తెలియనివాళ్లను నమ్మాను. మర్నాటికి ఇద్దరు తప్ప అందరూ ఇచ్చారు. ఏప్రిల్ 12న మళ్లీ ఆగింది, అది పదిన్నర దాటాక కాబట్టి మా గిన్నెలు అప్పటికే తోమేశారు.

పన్ను భయం గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. బెంగళూరులో కొన్ని కొట్లు చీటీలు తీసేసి "నగదు మాత్రమే" అని బోర్డు పెట్టాయి. ఆ వార్త వచ్చిన వారం మా వీధిలో కూడా ఇద్దరు చీటీ మీద క్యాలెండరు కప్పారు. మా ఏడాది అమ్మకం సేవలకు పెట్టిన 20 లక్షల హద్దు లోపలే ఉంటుంది. నా భయం వేరు. చీటీ పాట డబ్బు, మా తమ్ముడు పంపిన చేబదులు, అమ్మాయి పంపే జీతం, అన్నీ అదే ఖాతాలో పడితే చూసేవాళ్లకు అదంతా ఇడ్లీ అమ్మకమే అనిపిస్తుంది. వ్యాపారానికి విడి ఖాతా పెట్టుకోవడం తప్ప దారి లేదు. ఇది నాకు ఎవరూ మొదట్లో చెప్పలేదు.

అప్పు సంగతి రెండు ముక్కలు. చీటీ ఇచ్చిన కంపెనీ రోజువారీ రాబడి చూసి 2022లో యాభై వేలు ఇచ్చింది, రోజూ పడే డబ్బులోంచి కోసుకుంది. మా ఊళ్లో డైలీ ఫైనాన్స్ వాళ్లు పదివేలని రాయించుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకు వంద వసూలు చేస్తారు. దానితో పోలిస్తే కంపెనీ అప్పు నయమే, ఇంటి మీదకు వచ్చి అరిచేవాళ్లు ఉండరు. కాకపోతే డైలీవాడిని "రేపు రా" అనవచ్చు. యంత్రాన్ని అనలేము.

నెల మొదటి తారీఖున మా కొట్టు పదేళ్ల వెనక్కి వెళుతుంది. ఆ రోజు సచివాలయ సిబ్బంది పింఛను నోట్లు ఇంటికే తెచ్చి ఇస్తారు, వృద్ధులకు 2024 జూలై నుంచి నాలుగు వేలు. అవ్వలూ తాతలూ కొత్త ఐదువందల నోటుతో దోశ తినడానికి వస్తారు, నేను చిల్లర కోసం పరిగెత్తుతాను. నోట్ల రద్దు తరువాత డిజిటల్ చెల్లింపుల మీద కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి నాయకత్వం వహించింది చంద్రబాబు నాయుడు గారు. ఆయన ప్రభుత్వమే పింఛను నోట్లుగా ఇస్తోంది. తప్పు పట్టడం లేదు, ఆ అవ్వ ఏటీఎం దాకా నడవలేదు. కెన్యాలో ఎం-పెసా 2007లోనే మొదలైందనీ, అక్కడ బటన్ ఫోనుతోనే డబ్బు పంపుకుంటారనీ మా అమ్మాయి చెప్పింది. ఇక్కడా బటన్ ఫోనుకు 123పే అని 2022లో తెచ్చారు. మా కొట్టులో ఇంతవరకూ ఒక్కరూ దానితో డబ్బు ఇవ్వలేదు.

ప్రస్తుతం మా రాబడిలో పదిలో ఏడు వంతులు పెట్టెలోంచి మాట్లాడుతోంది, మూడు వంతులు గల్లాపెట్టెలో పడుతోంది. బోణీ మాత్రం నోటే. ఆరింటికి వచ్చే పాల ఆటో అతనికి మా ఆయన పట్టింపు తెలుసు, పది నోటు విడిగా జేబులో పెట్టుకుని వస్తాడు.

కిందటి నెల గిన్నెలు తోమే ఆవిడ కూతురు డిగ్రీలో చేరి ఫోను కొనుక్కుంది. ఆ మర్నాడు పని అయ్యాక ఆమె నా దగ్గరకు వచ్చి, రోజు జీతంలో వంద అమ్మాయి ఖాతాలో వేసి మిగతాది ఎప్పటిలాగే చేతికి ఇమ్మంది. "పెట్టె అరవదు కదమ్మా?" అని అడిగింది. పంపేటప్పుడు అరవదని చెప్పాను.